పాటకి పైకి వచ్చే చేపలు

పాఠం వర్ణాల దాకా వచ్చేసరికి చేపలు పైకి వచ్చేవి.

సరళీ వరసలప్పుడు వచ్చేవి కావు. జంట వరసలప్పుడు ఒకటో రెండో కదిలేవి. పెద్దపిల్లలు వర్ణం ఎత్తుకున్నాక, హాల్లో గాజుతొట్టె అడుగున తిరిగేవన్నీ ఒక్కొక్కటే నీటి పైకి చేరి, మూతులు పైకెత్తి, నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉండేవి. చూసినవాళ్ళు ఆశ్చర్యపోయేవారు. ఒకావిడ దండం కూడా పెట్టింది.

"సూడండమ్మా, సేపలు కూడా పాడతన్నాయి," అంది ధనలక్ష్మి మొదటిసారి చూసి. ఆవిడది నెల్లిమర్ల అవతల పల్లె. కూతురు ఆమనిని పాఠానికి తీసుకొచ్చి, అయ్యేదాకా గుమ్మంలోనే కూర్చుంటుంది. "మా ఆమనికంటే అవే నయం. నోరైనా బాగా తెరస్తన్నాయి."

ఆమని తల్లి వైపు చురచుర చూసి, తాళం తప్పింది.

హైమవతి ఆమని తాళం సరిచేసింది. లోపల మాత్రం సంతోషించింది. నలభై ఏళ్ళుగా పాడుతోంది. విజయనగరంలో కోట వెనక వీధిలో ఆ చిన్న పెంకుటింట్లో ఆమె దగ్గర పాఠం నేర్చుకోని సంగీతం ఇల్లు ఊళ్ళో తక్కువ. మనుషులు మెచ్చుకోవడం ఆమెకి కొత్త కాదు. నోరులేని ప్రాణి కదిలి రావడం వేరు. ఆ మాట తమ్ముడికి ఫోన్లో చెప్పింది. పాలవాడికి చెప్పింది. ఎవరైనా వస్తే, అడక్కుండానే ఒక కీర్తన ఎత్తుకుని చూపించేది.

అన్నిటికంటే, ఆ వేళ చంద్రశేఖరం ముఖంలో వెలుగు వచ్చేది. ఆమెకి అది చాలు.

చంద్రశేఖరం ఆమె భర్త. మృదంగం వాయించేవాడు. రామతీర్థంలో కల్యాణానికి, శ్రీకూర్మంలో ఉత్సవాలకి అతను లేకుండా కచేరీ ఉండేది కాదు. కిందటేడు వానల్లో పక్షవాతం వచ్చి, కుడిచెయ్యీ మాటా ఒకేసారి పోయాయి. తెలివి ఉంది. ఎదుటివాళ్ళ మాట అర్థమవుతుంది. తను అనదలచుకున్నది గొంతుదాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. విశాఖపట్నంలో మాట నేర్పే అమ్మాయి, "రోజూ కళ్ళెదురుగా ఉండేవేవైనా లెక్కపెట్టించండి. కదిలేవైతే మరీ మంచిది," అంది.

హైమవతి తమ్ముడు ఉదయభాస్కర్ శ్రీకాకుళం నుంచి గాజుతొట్టె పట్టుకొచ్చాడు. హాల్లో, బావ కుర్చీకి ఎదురుగా బల్ల మీద పెట్టించాడు.

"బావా, ఎన్ని చేపలు తెమ్మంటావు?"

చంద్రశేఖరం ఎడమచేత్తో కుర్చీ చెయ్యి మీద ఆదితాళం వేశాడు. ఎనిమిది లెక్కలు. చివరి లెక్క దగ్గర చెయ్యి ఆపి, బామ్మర్ది ముఖంలోకి చూశాడు.

"ఎనిమిదటే అక్కా," అన్నాడు ఉదయభాస్కర్. "జబ్బు చేసినా తాళం తగ్గనివ్వడు ఈయన."

అలా ఎనిమిది వచ్చాయి. నారింజ రంగువి, పెద్ద తోకలవి. వచ్చినప్పుడు బొటనవేలంత లేవు.

మొదట్లో చంద్రశేఖరం చేత్తోనే లెక్కపెట్టేవాడు, చేపకో దెబ్బ చొప్పున. తరవాత ఒక పొద్దున్న "ఒకటి" అన్నాడు. వంటింట్లో పప్పు మాడిపోయింది. ఆ మాడు వాసనలోనే హైమవతి తొట్టె ముందు కూర్చుని, మళ్ళీ అనమంది. అన్నాడు. రెండు వచ్చింది, మూడు వచ్చింది. చలికాలం పోయేసరికి ఆరు దాకా వచ్చాడు. ఏడు దగ్గర నాలుక మడతపడేది. ఏడూ ఎనిమిదీ వచ్చేస్తే మిగతా మాటలన్నీ వాటి వెనకే వచ్చేస్తాయని ఆమె నమ్మింది. అలాగని ఎవరూ చెప్పలేదు. ఆమే అనుకుంది. అనుకున్నాక దాన్ని వదల్లేదు.

తొట్టెకి గాలి మోటారు ఒకటి ఉంది. గొట్టం చివర బుడగలు వస్తాయి. మోటారు పగలూ రాత్రీ మోగుతుంది. దాని మోత అయిదు శ్రుతికీ అయిదున్నరకీ మధ్య ఉంది. హైమవతి పాడేది అయిదున్నరలో. పెట్టిన మొదటిరోజే, ఆమె 'స' పట్టుకోగానే చంద్రశేఖరం ముఖం ముడుచుకుపోయింది. ఎడమచెయ్యి లేచి స్విచ్చి వైపు చూపించింది. ఆపేదాకా దించలేదు. మాట లేని మనిషి అంత స్పష్టంగా అడిగిన మొదటి సంగతి అదే. అప్పటినుంచి పాఠం మొదలయ్యే ముందు మోటారు ఆపడం, పిల్లలు వెళ్ళాక వెయ్యడం ఆ ఇంట్లో వాడుక అయింది. పొద్దున్న ఒక జట్టు, సాయంత్రం రెండు జట్లు.

మాఘమాసం చివర్లో ఒక పొద్దున్న హాల్లోంచి తాళం వినబడింది, లెక్క వినబడలేదు.

హైమవతి వచ్చి చూసింది. ఒక చేప గొట్టం పక్కన వెల్లకిలా తేలుతోంది. చంద్రశేఖరం ఆదితాళం వేస్తున్నాడు. దెబ్బకో చేప చూస్తున్నాడు. ఏడు అయ్యాయి. ఎనిమిదో దెబ్బకి చూడటానికి ఏమీ లేదు. మళ్ళీ మొదటినుంచి వేశాడు. మళ్ళీ అక్కడికే వచ్చాడు. ఎన్నిసార్లు వేశాడో, చివరికి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఆ రోజు ఒక్క అంకె కూడా అనలేదు. మర్నాడూ అనలేదు. హైమవతి తనే "ఒకటి" అని అందించింది. కళ్ళు మూసుకున్నాడు.

ఆమె గంటస్తంభం దగ్గర, తమ్ముడు చేపలు కొన్న గంగులు కొట్టుకి వెళ్ళింది. అలాంటిదే ఒకటి కావాలంది.

"ఎన్నున్నాయమ్మా తొట్లో?"

"ఏడు. ఇది వేస్తే ఎనిమిది. ఇరుకవుతోందేమో అనిపిస్తోంది."

"ఇరుకేటి? నా తొట్టి సూడండి, యాభై ఉన్నాయి."

"అవి ఎన్నాళ్ళు బతుకుతాయి?"

"నా కాడ బతకడమెందుకమ్మా, అమ్ముడైపోతాయి కదేటి," అని నవ్వాడు. "నా మాటిని నల్లదొకటి కూడా ఏసుకోండి. తొమ్మిదవుతాయి. ఇంటి దిష్టంతా నల్లదే లాగేస్తాది."

ఆమె నల్లది తీసుకోలేదు. నారింజది ఒకటి సంచిలో వేయించుకుని, చంద్రశేఖరం మధ్యాహ్నం నిద్రలో ఉండగా తొట్టెలో వదిలింది. లేచి అతను ఆ కొత్తదాన్ని చాలాసేపు చూశాడు. మర్నాడు లెక్క మొదలుపెట్టాడు. ఒకటి, రెండు. అంతే. మళ్ళీ ఆరు దాకా రావడానికి ఫాల్గుణం సగం వెళ్ళిపోయింది.

ఆ రోజుల్లో హైమవతి నిద్రలేస్తూనే తొట్టె దగ్గరికి పరిగెత్తేది. అన్నీ కదులుతూ కనబడ్డాకే ముఖం కడుక్కునేది.

పిల్లలకి పరీక్షలు వచ్చి పాఠాలు లేని ఒక మధ్యాహ్నం, వీధిలో తీగలు బాగుచేస్తున్నారని కరెంటు తీసేశారు. హైమవతి హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చంద్రశేఖరం కుర్చీలో ఉన్నాడు. ఫ్యాను లేదు, మోటారు లేదు. ఇల్లంతా నిశ్శబ్దం.

కాయలు సగం అయ్యాక తలెత్తింది. ఎనిమిది చేపలూ నీటి పైన ఉన్నాయి. మూతులు పైకెత్తి, నోళ్ళు తెరుస్తూ మూస్తున్నాయి.

ఎవరూ పాడటం లేదు.

చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. మోటారు వైపు చూసింది. గొట్టం వైపు చూసింది. దండం పెట్టిన ఆవిడ గుర్తుకొచ్చింది. తను అడక్కుండానే ఎత్తుకుని చూపించిన కీర్తనలు గుర్తుకొచ్చాయి. వచ్చినవాళ్ళకి ఇంకో చరణం కూడా వినిపించింది, చేపలు ఇంకా పైకి వస్తాయని.

లేచి చెంబు తెచ్చింది. తొట్టెలో నీళ్ళు ముంచి, ఎత్తునుంచి మళ్ళీ తొట్టెలోకే పోసింది. ముంచడం, పొయ్యడం. జబ్బలు లాగేశాయి. చీర కుచ్చెళ్ళు తడిసిపోయాయి. చంద్రశేఖరం ఆమెనే చూస్తున్నాడు, ఏం చేస్తోందో తెలియక. కాసేపటికి ఒక చేప కిందికి దిగింది. ఇంకొకటి దిగింది. కరెంటు వచ్చి బుడగలు మొదలయ్యేదాకా ఆమె చెంబు దించలేదు.

మర్నాటి పాఠానికి మోటారు ఆపలేదు. పిల్లల గొంతులు ఆ మోత వైపు జారిపోయాయి. ఆమని పంచమం ఎక్కడ పెట్టాలో తెలియక ఏడుపు ముఖం పెట్టింది. చంద్రశేఖరం ఎడమచేత్తో కుర్చీ చెయ్యి మీద దబదబ బాదాడు, ఆపేదాకా. మోటారు కింద గుడ్డ మడతపెట్టి చూసింది. మోత తగ్గింది, శ్రుతి మారలేదు. పెద్దగా మోగే అపస్వరం కంటే చిన్నగా మోగే అపస్వరం ఇంకా బాధ. పాఠం చెప్పుకోవడానికి వేరే గది లేదు. ఉన్న ఒక్క గదిలో మంచం పడుతుంది, మనిషి పట్టడు.

ఎండలు ముదిరాయి. తొట్టె నీళ్ళు వెచ్చబడ్డాయి. చేపలు ఇప్పుడు జంట వరసలకే పైకి వస్తున్నాయి. ఒకటి పక్కకి ఒరిగి ఈదుతోంది. హైమవతి పాఠం మధ్యలో పాట ఆపి మోటారు వేసేది. చంద్రశేఖరం బాదితే తీసేది. పిల్లలకి ఏమీ అర్థం కాలేదు.

తమ్ముడికి ఫోను చేసింది.

"పెద్ద తొట్టె కొనేద్దామే," అన్నాడు ఉదయభాస్కర్.

"పెద్ద తొట్టెకి పెద్ద మోటారు రా. ఇంకా పెద్ద మోత."

"అయితే తగ్గించెయ్యి. బావకి తెలీకుండా రోజుకొకటి తీసెయ్యి."

"ఆయన లెక్కపెట్టేది వాటినేరా. ఎలా తెలీదు?"

"ఎన్ని ఉంచుతావు?" అన్నాడు.

ఆమె ఫోను పెట్టేసి తొట్టె వైపు చూసింది. ఎనిమిది ఉంచితే ఒక్కొక్కటే చస్తాయి, చచ్చినప్పుడల్లా అతని మాట వెనక్కి పోతుంది. తనే తీసేస్తే ఆ మాట ఒకేసారి పోతుందేమో. ఏడు లేదు, ఎనిమిది లేదు, వాటి వెనక వస్తాయనుకున్నవేవీ లేవు.

వ్యాయామం చేయించేందుకు చంద్రశేఖరాన్ని తెలిసిన ఆటో అతను ఆసుపత్రికి తీసుకెళ్ళే పూటల్లో ఆమె పరీక్ష పెట్టింది. రెండు చేపల్ని బకెట్లోకి తీసింది. మోటారు ఆపి, పాఠం ఎంతసేపు పడుతుందో అంతసేపు పాడింది. గడియారం చూడలేదు. ఆమెకి కాలం కొలవడం పాటతోనే తెలుసు. ఆరు చేపలూ వర్ణానికి పైకి వచ్చాయి. తిరుగు ఆటో వచ్చేలోపల బకెట్లోవి మళ్ళీ తొట్టెలో వేసేసింది. ఇంకోపూట మూడు తీసింది. అయిదు చేపలూ కీర్తన దగ్గర వచ్చాయి. మరోపూట నాలుగు. చివరి కీర్తన చరణం దాకా కిందే ఉన్నాయి. అమ్మయ్య అనుకుంటుండగా ఒకటి లేచింది, తరవాత ఇంకొకటి.

పాడుతున్నంతసేపూ ఆమె కళ్ళు నీటి మీదే. తన పాటకి చేపలు రాకూడదని కోరుకుంటూ పాడింది.

మూడు చేపలప్పుడు మంగళం దాకా పాడింది. ఏదీ పైకి రాలేదు.

మూడు. రూపకతాళం చేత్తో వేస్తే మూడు లెక్కలే కదా అని తనకి తను చెప్పుకుంది. తాళం మధ్యలో తెంపితే తప్పు. ఒకటి ముగించి ఇంకొకటి ఎత్తుకుంటే తప్పేముంది?

గంగులు దగ్గరికి వెళ్ళి, అయిదు తిరిగి తీసుకుంటావా అని అడిగింది.

"తిరిగి తీసుకోడం మా ఇంటా వంటా లేదమ్మా," అన్నాడు. ఆమె ముఖం చూసి, "సర్లెండి, అంపండి. నా కాడ ఇరుకేటి!" అన్నాడు.

మర్నాడు పొద్దున్న, పిల్లలు రాకముందు, బకెట్టూ చిన్న వలా తెచ్చి చంద్రశేఖరం ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. అతనికి తెలియకుండా చేసే పని ఇంక ఒద్దనుకుంది.

"ఏవండీ. ఇవి పాట వినడానికి రావటం లేదు. ఊపిరాడక వస్తున్నాయి."

అతను ఆమె వైపు చూశాడు.

"మనం మోటారు ఆపేస్తున్నాం. ఎనిమిదింటికి ఆ నీళ్ళలో గాలి చాలదు. చచ్చిపోయిన దాన్ని చంపింది మనమే. దాని చోట ఇంకోటి తెచ్చి పెట్టాను. మీకు తెలుసో తెలీదో."

కుర్చీ చెయ్యి మీద వేళ్ళు కదిలాయి.

"మూడు ఉంచుతాను. రూపకం అనుకోండి. మిగతావి గంగులుకి ఇచ్చేస్తాను."

వల నీళ్ళలో పెట్టింది. మొదటి చేప బకెట్లో పడింది. చంద్రశేఖరం చెయ్యి ఆదితాళం మొదలుపెట్టింది, మామూలు కంటే వేగంగా. రెండోది పడింది. తాళం ఇంకా వేగం పెరిగింది. మూడోదానికి అతని చెయ్యి ఆగిపోయింది. మాఘమాసంలో ఆగినట్టే ఆగింది. అయినా హైమవతి వల తియ్యలేదు. నాలుగోదాన్ని పట్టింది, ఒరిగి ఈదేది అదే. బకెట్లో వేసింది. అయిదోదాని వెనక వల తిప్పింది. అది గాజు మూలకి పోయి నిలబడింది.

"నాలుగు."

వీధిలో ఎవరో అన్నారనుకుంది. వల మూలకి జరిపింది.

"నాలుగు."

ఆమె చెయ్యి నీళ్ళలోనే ఉంది. మెల్లిగా వెనక్కి తిరిగింది. చంద్రశేఖరం మెడ నరాలు బిగుసుకుని ఉన్నాయి. ఒకటి అనలేదు, రెండు అనలేదు, మూడు అనలేదు. మెట్లు ఎక్కకుండా నేరుగా అక్కడికి వచ్చాడు.

ఏడవాలో నవ్వాలో తెలియలేదు ఆమెకి. కానీ తొట్టె తొట్టే. నాలుగైతే చివరి చరణానికి పైకి వస్తాయి. తన కళ్ళతో చూసింది.

"మూడే," అంది.

"నాలుగు."

"మూడన్నాను కదా. పరీక్ష పెట్టి చూశాను. నాలుగు పట్టవు."

"నాలుగు!"

గొంతు పగిలింది. పూర్వం తాళం తప్పిన శిష్యుల మీద అలాగే అరిచేవాడు. హైమవతికి ఒళ్ళు మండింది. ఏడాదిగా అతని మీద కోపం తెచ్చుకోలేదు.

"నాలుగుంటే పాఠంలో మోటారు ఆపేది లేదు. చెవి పక్కన అయిదుంపావు మోగుతూనే ఉంటుంది. బాదినా ఆపను. భరిస్తారా? చెప్పండి!"

అతను మోటారు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. దవడ కదిలింది.

"నాలుగు," అన్నాడు, ఈసారి మెల్లిగా.

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. ధనలక్ష్మి, వెనక ఆమని.

"ఓలమ్మ! అయ్యగారు మాటాడతన్నారేటి?"

"మాట్లాడటం లేదు ధనలక్ష్మీ. దెబ్బలాడుతున్నారు," అంది హైమవతి. వల బయటికి తీసింది. దాని అంచు నుంచి నీళ్ళు పీట మీద కారాయి. "తిరిగి వెళ్ళేటప్పుడు ఈ బకెట్టు గంగులు కొట్లో ఇచ్చెయ్యాలి. గంటస్తంభం దగ్గరే. నాలుగున్నాయి."

ఆ పాఠానికి మోటారు ఆపలేదు. హైమవతి అయిదున్నరలోనే 'స' పట్టుకుంది. ఆ 'స' మోత పక్కనే, దానికి కలవకుండా నిలబడింది. చంద్రశేఖరం కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కణతల దగ్గర చెమట పట్టింది. చెయ్యి ఒకసారి లేచింది. స్విచ్చి దాకా పోలేదు. ఆమని పంచమం జారింది. హైమవతి ఆపి, మళ్ళీ పట్టించింది, మళ్ళీ జారింది, మళ్ళీ పట్టించింది. పాఠం రోజూకంటే ఆలస్యంగా ముగిసింది.

మధ్యాహ్నం అన్నం కలిపి, "పెరుగు వెయ్యనా?" అని అడిగింది.

"నాలుగు," అన్నాడు.

ఆమె చెయ్యి ఆగింది.

"ఫ్యాను పెంచనా?"

"నాలుగు."

"తలనొప్పిగా ఉందా?"

"నాలుగు," అన్నాడు చిరాగ్గా. అతని కళ్ళలో వేరే మాట ఏదో ఉంది. నోట్లోంచి ఇదే వస్తోంది.

సాయంత్రం దాకా అడిగినదానికల్లా అదే జవాబు. హైమవతి తొట్టె ముందు పీట మీద కూర్చుంది. పొద్దున్న అతను అడిగింది నాలుగు చేపలనా? లేక దొరికిన ఒక్క మాటా నోటికి అంటుకుపోయిందా? తను దెబ్బలాడింది మనిషితోనా, ఒక చప్పుడుతోనా? నాలుగు చేపలు చుట్టూ తిరుగుతున్నాయి. మోటారు మోగుతోంది. పిల్లల సాయంత్రం జట్టు వచ్చే వేళ అవుతోంది.

లేచి వల తెచ్చింది. నీళ్ళలోకి దించింది. చేపల వైపు చూడలేదు, అతని వైపే చూస్తోంది. వల ఒక చేప కిందికి పోయింది. మెల్లిగా పైకి లేపసాగింది.

చంద్రశేఖరం ఏమీ అనలేదు. ముందుకి వంగాడు. కుర్చీ కిర్రుమంది. ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మృదంగం ఎడమ వైపు, తొప్పి మీద, ముప్పై ఏళ్ళు వాయించిన చెయ్యి. గాజులు నొక్కుకుని నొప్పి పెట్టాయి.

"సరే," అంది ఆమె. "వదలండి. నాలుగే."

అతను వెంటనే వదల్లేదు.